లైన్‌లో ఉండండి

మీ చేతికందేంత దూరంలో పాత బటన్ల ఫోన్ ఏదైనా ఉంటే ఒక్కసారి తీసుకుని, అయిదో అంకె మీద వేలు పెట్టి చూడండి. ఆవగింజంత బొడిపె తగులుతుంది. ఏళ్ల తరబడి ఆ ఫోన్ వాడినవాళ్లు కూడా దాన్ని గమనించి ఉండరు. గమనించాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. నేను మాత్రం ముప్పై నాలుగేళ్లు ఆ బొడిపెను నమ్ముకుని బతికాను. వేలికి అది తగిలితే చాలు, పైన రెండు, కింద ఎనిమిది, ఎడమన నాలుగు, కుడిన ఆరు. అంకెలన్నీ చేతిలోకి వచ్చేసేవి.

నాకు తొమ్మిదో ఏట జ్వరం వచ్చి చూపు పోయింది. విజయవాడలో ఒక బ్యాంకు కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరి, అక్కడే పదవీ విరమణ చేశాను. ఆ రోజుల్లో బ్యాంకుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో ఫోన్ బోర్డు దగ్గర చూపులేనివాళ్లు కూర్చోవడం మామూలే. మా కార్యాలయంలో నూట నలభై ఎక్స్‌టెన్షన్లు ఉండేవి. అన్నీ నోటికి వచ్చు. గొంతు వినగానే మనిషిని పోల్చుకునేదాన్ని. "లైన్‌లో ఉండండి, కలుపుతున్నాను" అన్న మాట రోజుకు ఎన్ని వందలసార్లు అన్నానో లెక్కలేదు.

ఈ రోజు ఆ మాట గురించే నాలుగు ముక్కలు చెప్పాలని వచ్చాను. ఫోన్, ఇంటర్నెట్, యాప్‌ల విషయంలో మాలాంటి వాళ్లకు చట్టం కొన్ని హక్కులు ఇచ్చింది. ఇచ్చిన హక్కు ఫోన్ దాకా చేరడం లేదు. అది ఎక్కడ తెగిపోతోందో, ఆ తెగినచోట ఏం రాయాలో చెబుతాను.

బటన్ల ఫోన్ పోయి అద్దం ఫోన్ వచ్చినప్పుడు నాకు మొదట దిక్కు తోచలేదు. ఎక్కడ తడిమినా నున్నగా ఉంటుంది. అయిదూ లేదు, బొడిపే లేదు. మా అబ్బాయి కూర్చోబెట్టి నేర్పాడు. ఆ ఫోన్‌లో తెర మీద ఉన్నది చదివి వినిపించే ఏర్పాటు ఉంటుంది, దాన్ని స్క్రీన్ రీడర్ అంటారు. అద్దం మీద వేలు జరుపుతూ పోతే, వేలి కింద ఏముందో చెబుతుంది. కావాల్సింది వినపడగానే రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. ఆరు నెలల్లో వార్తలు, ఉత్తరాలు, రైలు టికెట్లు, డబ్బు పంపడం అన్నీ నాకు నేనే చేసుకోవడం మొదలుపెట్టాను. పుస్తకం చదివి వినిపించేవాళ్ల తీరిక కోసం ఎదురుచూసిన నాకు, ఆ ఫోన్ ఎంత పెద్ద లోకమో మాటల్లో చెప్పలేను.

అయితే స్క్రీన్ రీడర్ తనంతట తాను ఏమీ చూడదు. యాప్ తయారుచేసినవాళ్లు ప్రతి బటన్‌కూ లోపల ఒక పేరు రాసి ఉంచాలి. "పంపు", "వెనక్కి", "రద్దు" ఇలాగ. ఆ పేరు తెర మీద కనపడదు. స్క్రీన్ రీడర్ మాత్రం దాన్నే చదువుతుంది. రాయకపోతే అది "బటన్" అని ఊరుకుంటుంది. తెర మీద ఆరు బటన్లుంటే బటన్, బటన్, బటన్ అని ఆరుసార్లు అంటుంది. ఆరు తలుపులున్న చీకటి గదిలో ఏది వీధి వాకిలో, ఏది నుయ్యో తెలియకుండా నిలబడ్డట్టు ఉంటుంది.

రెండేళ్ల కిందట ఒక రోజు మందుల షాపులో అదే జరిగింది. నేను రోజూ వాడే డబ్బుల యాప్ రాత్రికి రాత్రి మారిపోయింది. అప్‌డేట్ అంటారు కదా, అది. ముందు రోజు "చెల్లించు" అని పలికిన బటన్ ఆ రోజు "బటన్" అని మాత్రమే పలికింది. వెనక మనుషులు నిలబడి ఉన్నారు. చేసేది లేక ఫోన్ షాపు అబ్బాయి చేతికిచ్చి, నా పిన్ నంబరు నలుగురిలో పైకి చెప్పాను. ఆ పిల్లవాడు మంచివాడు, పైసా తేడా రాలేదు. కానీ ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసిన దాన్ని, ఎవరికీ చెప్పవద్దని వేలమందికి చెప్పిన అంకెలు నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది. ఇంటికి వచ్చి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

నా సంగతి ఇలా ఉంచి, నా స్నేహితురాలి సంగతి చెబుతాను. ఆవిడ మా కార్యాలయంలోనే క్లియరింగ్ సెక్షన్‌లో పనిచేసేది. పుట్టుకతోనే వినపడదు. నాకు కనపడదు, ఆవిడకు వినపడదు. మేమిద్దరం స్నేహితులమెలా అయ్యామని అందరూ అడిగేవాళ్లు. నాకు చూపు పోయేనాటికే అక్షరాలు వచ్చు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ నా అరచేతిలో వేలితో ఒక్కొక్క అక్షరమే రాసేది. "అక్కా" అని పూర్తిగా రాయదు, "అ" అని గీస్తే చాలు, నన్ను పిలిచిందన్నమాట. గుణింతాలు, ఒత్తులు అరచేతిలో రాయడం కష్టం. అందుకని మాకు మేమే కొన్ని గుర్తులు పెట్టుకున్నాం. నేను మాట్లాడితే ఆవిడ నా పెదవులు చూసి అర్థం చేసుకునేది.

ఇప్పుడు మా మధ్య ఫోన్ ఉంది. నేను మాట్లాడితే అది తెలుగు అక్షరాలుగా మారి ఆవిడ తెర మీద పడుతుంది. ఆవిడ టైపు చేస్తే నా ఫోన్ చదివి వినిపిస్తుంది. ఊళ్లు మారినా రోజూ రాత్రి కబుర్లు చెప్పుకుంటాం. అరచేయి పట్టేంత మాట నుంచి అంతులేని మాటల దాకా వచ్చాం. సాంకేతికత మాకు శత్రువు అని ఎవరైనా అనుకుంటే, మా ఇద్దరినీ చూసి ఆ అభిప్రాయం మార్చుకోవాలి.

కానీ అదే స్నేహితురాలి ఇంట్లో, ఒక రాత్రి వాళ్లాయనకు గుండెనొప్పి వచ్చింది. చేతిలో వేల రూపాయల ఫోన్ ఉంది. ఆంబులెన్స్‌కు ఫోన్ చేస్తే అవతల గొంతు "ఎక్కడినుంచి మాట్లాడుతున్నారు" అని అడుగుతుంది. ఆవిడ వినలేదు, చెప్పలేదు. ఫోన్ అక్కడ పడేసి, చెప్పులు కూడా లేకుండా మూడు ఇళ్లు దాటి పరిగెత్తి తలుపులు బాదింది. ఆయన బతికారు. బ్యాంకు కార్డు పోయినా, సిమ్ పాడైనా ఆవిడకు అదే ఇబ్బంది. "మీరే మాట్లాడాలి, వేరేవాళ్లు మాట్లాడితే కుదరదు" అంటారు అవతలివాళ్లు. మాట్లాడలేని మనిషి తాను తానేనని రుజువు చేసుకోవాలంటే మాట్లాడి తీరాలన్నమాట.

టెలిఫోన్‌కు మొదటినుంచీ ఈ లోటు ఉంది. అలెగ్జాండర్ గ్రాహం బెల్ బధిరులకు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. ఆయన తల్లికి వినికిడి లోపం, భార్యకూ వినపడదు. 1876లో ఆయన పేటెంట్ పొందిన యంత్రం లోకమంతటికీ పనికివచ్చింది గానీ, ఆ ఇద్దరికీ పనికిరాలేదు. తనకూ వినపడని రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అనే భౌతిక శాస్త్రవేత్త, 1964లో, టైపు చేసిన అక్షరాలను టెలిఫోన్ తీగ మీద పంపే ఉపాయం కనిపెట్టేదాకా బధిరులకు ఫోన్ లేదు. మధ్యలో ఎనభై ఎనిమిదేళ్లు గడిచాయి. సినిమా కథ ఇంకో రకం. మూకీల కాలంలో మాటలు తెర మీద అక్షరాలుగా పడేవి, చదువు వచ్చిన బధిరులు అందరితో సమానంగా చూసేవాళ్లు. 1931లో ఆలం ఆరా, 1932లో మన భక్త ప్రహ్లాద వచ్చాయి. ఊరంతా సినిమా మాట్లాడుతోందని సంబరపడింది. ఆ సంబరంలో తెర మీది అక్షరాలు పోయాయి, వాటితో పాటు కొందరు ప్రేక్షకులూ పోయారు.

కొత్తది వచ్చినప్పుడు ఎవరికి దారి మూసుకుపోతోందో ఆ సమయంలోనే చూసేవాళ్లు ఉండాలి. ఆ చూసే బాధ్యత చట్టానిది. దయగల ఇంజినీరు ఒక కంపెనీలో ఉంటాడు, ఇంకో కంపెనీలో ఉండడు. ఉన్నవాడు కూడా ఉద్యోగం మారిపోతాడు.

అమెరికాలో జరిగింది ఒకటి చెబుతాను. టీవీలో మాటలను అక్షరాలుగా చూపే పద్ధతి అక్కడ ముందే ఉండేది. కానీ దానికి విడిగా ఒక పెట్టె కొని టీవీకి తగిలించుకోవాలి, దాని ఖరీదు ఎక్కువ. 1990లో ఒక చట్టం చేశారు. 1993 జూలై నుంచి పదమూడు అంగుళాలు, అంతకు మించిన తెర ఉన్న ప్రతి టీవీలోనూ ఆ ఏర్పాటు లోపలే ఉండాలన్నారు. కోట్ల టీవీల్లో పెట్టేసరికి విడి పెట్టె అవసరమే పోయి, టీవీ ధరలో అదొక చిన్న భాగమైపోయింది. బధిరుల కోసం చేసిన ఆ అక్షరాలను ఇవాళ భాష నేర్చుకునేవాళ్లు, పసిపిల్లలు నిద్రపోతుంటే శబ్దం తగ్గించి చూసేవాళ్లు, అందరూ వాడుతున్నారు. కొందరే కొనాల్సిన వస్తువు ఎప్పుడూ ఖరీదే. అందరి వస్తువులోనూ ఉండి తీరాలని చట్టం అన్నప్పుడే అది చవకవుతుంది.

అయితే ఆ చట్టాలు వస్తువుల పేర్లతో రాసినవి. టీవీ అని ఒక చట్టం, టెలిఫోన్ అని 1996లో మరొకటి. ఈలోగా మాటలు టెలిఫోన్ తీగ వదిలి ఇంటర్నెట్‌లోకి వెళ్లాయి. సినిమాలు, కార్యక్రమాలు కూడా టీవీ వదిలి ఇంటర్నెట్‌లోకి వెళ్లాయి. చట్టం పాత వస్తువు పక్కన కాపలా కూర్చుంది. అందుకని 2010లో మళ్లీ కొత్త చట్టం చేయాల్సి వచ్చింది. అది కూడా చాలడం లేదని, వీడియో కాల్ సమావేశాలకూ ఇంటర్నెట్‌లో వచ్చే కార్యక్రమాలకూ వర్తించేలా 2022లో ఇంకో బిల్లు పెట్టారు. యూరప్ వాళ్లు 2019లో చేసిన చట్టాన్ని 2025 జూన్ 28 నుంచి అమల్లోకి తెచ్చారు. ఫోన్లు, కంప్యూటర్లు, ఏటీఎంలు, టికెట్ యంత్రాలు, ఇ-పుస్తకాలు, బ్యాంకు సేవలు, ఆన్‌లైన్ అమ్మకాలు అన్నీ అందులో ఉన్నాయి. అక్కడి అత్యవసర నంబరు 112కు మాటతో పాటు రాతలోనూ సమాధానం ఇవ్వాలన్న షరతు కూడా ఉంది. మన దేశంలో కూడా అత్యవసర నంబరు 112 అని మీకు తెలుసు.

మన చట్టం సంగతి చూద్దాం. 2016లో పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టం చేసింది. అది మంచి చట్టం. అంతకుముందు 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, ఇది ఇరవై ఒకటిని గుర్తించింది. 42వ సెక్షన్ వార్తలు, కార్యక్రమాలు అందరికీ అందే రూపంలో ఉండాలంది. దృశ్యాన్ని మాటల్లో చెప్పడం, సైగల భాష, తెర మీద అక్షరాలు అన్నీ పేరుపేరునా రాసింది. 46వ సెక్షన్ ప్రభుత్వ సేవలైనా ప్రైవేటు సేవలైనా, నియమాలు వెలువడిన రెండేళ్లలో సరిచేసుకోవాలంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే 2019 జూన్‌కు పని పూర్తి కావాలి. నేను పిన్ నంబరు పైకి చెప్పింది ఆ తరవాత ఎన్నో ఏళ్లకు.

మరి ఎక్కడ తెగింది? మీరు తెలుగులో రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడండి. "చేయాలి". "చేస్తే మంచిది". చట్టం చేయాలి అంది. ఆ చట్టం కింద రాసిన పదిహేనో నియమం చూపించిన మార్గదర్శకాలేమో చేస్తే మంచిది అన్నాయి. ఈ తేడాను సుప్రీంకోర్టు పట్టుకుంది. రాజీవ్ రాటూరి అనే చూపులేని పౌరుడు 2005లో వేసిన కేసు అది. అమలు ఎలా ఉందో చూసి చెప్పమని కోర్టు మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి అప్పగించింది. అక్కడి వైకల్య అధ్యయన కేంద్రంవాళ్లు నివేదిక ఇచ్చారు. 2024 నవంబరు 8న కోర్టు ఆ పదిహేనో నియమం చట్టానికి విరుద్ధమని కొట్టేసింది. తప్పనిసరిగా పాటించాల్సినవి ఏవో విడదీసి, మూడు నెలల్లో కొత్త నియమాలు రాయమని కేంద్రానికి చెప్పింది.

దాదాపు మరో ఆరు నెలలకు, 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు వచ్చింది. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్న ప్రగ్యా ప్రసూన్ బ్యాంకు ఖాతా తెరవడానికి వెళితే, కెమెరా ముందు కనురెప్పలు ఆర్పి చూపమన్నారు. తెర ముందున్నది ఫొటో కాదు, ప్రాణమున్న మనిషేనని తేల్చుకోవడానికి ఆ పరీక్ష. ఆమె రెప్పలు ఆర్పలేకపోయింది. ఎదురుగా మనిషి నిలబడి ఉండగా, బతికి ఉన్నట్టు రుజువేదని అడిగారు. ఆమె పిటిషన్‌నూ, చూపులేని న్యాయవాది అమర్ జైన్ పిటిషన్‌నూ కలిపి విన్న కోర్టు, డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ఇరవై ఆదేశాలు ఇచ్చింది. ఈ తీర్పును మా అబ్బాయి చదివి చెప్పలేదు, నా ఫోన్ చదివి చెప్పింది. రెండుసార్లు విన్నాను.

కోర్టులు చేయగలిగింది చేశాయి. ప్రతి యాప్ కోసం ఒకరు ఢిల్లీ వెళ్లి కేసు వేయలేరు కదా. 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో మాలాంటివాళ్లు 2 కోట్ల 68 లక్షల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైగా. ఆ లెక్క ఎనిమిది రకాల వైకల్యాలనే లెక్కపెట్టింది. వయసు పైబడి చూపు మందగించినవాళ్లు, వేళ్లు వణికేవాళ్లు, వినికిడి తగ్గినా ఒప్పుకోని మన నాన్నలు, తాతలు ఆ లెక్కలో ఎంతమంది ఉన్నారు చెప్పండి?

అందుకే చట్టంలోనూ నియమాల్లోనూ ఏమేం రాయాలో, ఫోన్ బోర్డు దగ్గర బతుకంతా గడిపిన మనిషిగా నాకు తోచింది చెబుతున్నాను. వస్తువు పేరు రాయకండి, మనిషి చేసే పని రాయండి. డబ్బు పంపడం, సాయం పిలవడం, తాను ఫలానా అని చెప్పుకోవడం, వార్త తెలుసుకోవడం అని రాస్తే, రేపు ఇంకే యంత్రం వచ్చినా ఆ వాక్యం పాతబడదు. ఒకే దారి పెట్టవద్దు. మాట ఒక్కటే, చూపు ఒక్కటే, వేలిముద్ర ఒక్కటే దారి అయితే ఎవరో ఒకరు బయట నిలబడతారు. ప్రతి అత్యవసర సేవకూ అక్షరాలు టైపు చేసి సాయం పిలిచే వీలు, అవతలినుంచి అక్షరాల్లోనే జవాబు వచ్చే వీలు ఉండి తీరాలి. ఇక అప్‌డేట్ గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. యాప్ మొదటిసారి బాగానే ఉందని పరీక్షలో నెగ్గుతుంది. మూడు నెలలకు మారుస్తారు, అప్పుడెవరూ చూడరు. మార్చిన ప్రతిసారీ మాలాంటి వాడకందారు ఒకరు వేలు జరిపి చూశాకే అది జనం ఫోన్లలోకి రావాలి. భవనం కట్టేటప్పుడు మెట్ల పక్కన ర్యాంపు కట్టి, ఆనక ఓ రాత్రి దాన్ని పగలగొడితే ఊరుకుంటామా?

శిక్ష సంగతి కూడా చెప్పాలి. 2016 చట్టంలోని 89వ సెక్షన్ ప్రకారం మొదటి తప్పుకు జరిమానా పదివేలదాకా. ఒక మామూలు ఫోన్ ధర. మళ్లీ చేస్తే యాభై వేల నుంచి అయిదు లక్షలు. వీధి చివర కొట్టుకు పదివేలు బరువే, కోట్లమంది వాడే యాప్‌కు అది లెక్కలోకే రాదు. వాడేవాళ్ల సంఖ్యను బట్టి జరిమానా పెరగాలి.

ఇక మన భాష. ఇది బయటి రాష్ట్రాలవాళ్లు మన కోసం అడగరు, మనమే అడగాలి. తెలుగులో ఏళ్ల తరబడి కాగితాలు పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేశారు. కంటికి అవి చక్కని తెలుగు అక్షరాలే. స్క్రీన్ రీడర్‌కు మాత్రం అవి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. అది ఏదో వింత శబ్దం చేస్తుంది. తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే నమోదు చేసే యూనికోడ్‌లో టైపు చేస్తే ఆ బాధ లేదు. ఇంకో పద్ధతి, కాగితాన్ని ఫొటో తీసి పెట్టేయడం. ప్రభుత్వ ఉత్తర్వు అయినా, కరెంటు బిల్లు అయినా, పెళ్లి శుభలేఖ అయినా నాకు అది తెల్ల కాగితం. పెన్షన్ కాగితం యూనికోడ్ తెలుగులో ఉండాలని చట్టంలో ఒక్క వాక్యం రాస్తే ఖజానాకు పైసా ఖర్చు లేదు. తెర చదివే తెలుగు గొంతు ఇంకా ఒత్తుల దగ్గర తడబడుతుంది, అంకెల దగ్గర ఇంగ్లీషులోకి దూకుతుంది. అది బాగుపడాలంటే తెలుగు అడిగేవాళ్లు ఉన్నారని తయారుచేసేవాళ్లకు తెలియాలి.

మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో, వైజాగ్‌లో కూర్చుని ఈ యాప్‌లు తయారుచేస్తున్నవాళ్లలో ఎంతోమంది మన పిల్లలే. బాబూ, అమ్మాయీ, ఈ ప్రసంగం మీ చెవిన పడితే, ఈ రాత్రి మీరు చేసిన యాప్‌ను కళ్లు మూసుకుని, స్క్రీన్ రీడర్ పెట్టుకుని, ఒక్క పది రూపాయలు పంపి చూడండి. ఎక్కడ ఆగిపోయారో రేపు మీ ఆఫీసులో చెప్పండి. చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కానీ చట్టం రావాలి. ఎందుకంటే మీరు చెప్పినా, ఈ వారం గడువు ఉంది, అది తరవాత చూద్దాం అనే పైఅధికారి మీకు ఉంటారు. ఆయనకు చూపించడానికి మీ చేతిలో చట్టం ఉండాలి.

1885లో రాసిన టెలిగ్రాఫ్ చట్టాన్ని మనం 2023లో మార్చుకున్నాం. అసలు టెలిగ్రామే 2013 జూలైలో ఆగిపోయింది. సేవ పోయాక పదేళ్లు ఆ చట్టం బతికింది. కాలం చెల్లిన చట్టాన్ని తీసి కొత్తది రాయడం మనకు చేతనైన పనే. ఈసారి పదేళ్లు పట్టకూడదని మీ ఎమ్మెల్యేకు, ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. యాప్ పనిచేయకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు రాయండి. మీకు చూపు ఉన్నా రాయండి. మా ఉత్తరాలు ఎప్పుడూ మా దగ్గరినుంచే వస్తున్నాయి.

ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. రేడియో నాకు పుట్టిల్లు లాంటిది. చూపు పోయిన ఏడాది మా నాన్న కొని తెచ్చిన ట్రాన్సిస్టరే నాకు బడి. కానీ ఇదే రేడియో నా స్నేహితురాలికి వినపడదు. అందుకని ఈ ప్రసంగం యూనికోడ్ తెలుగులో టైపు చేయించి, నిన్న సాయంత్రమే ఆవిడకు పంపాను. నేను ఇక్కడ నా వేళ్ల కింద బ్రెయిలీలో చదువుతుంటే, ఆవిడ అక్కడ తెర మీద చదువుతానంది. ఏ సమయానికి మొదలవుతుందో చెప్పు, నేనూ అప్పుడే మొదలుపెడతాను, ఇద్దరం ఒకేసారి పూర్తి చేద్దాం అంది. ఈపాటికి ఆవిడ చివరి పేజీలోకి వచ్చి ఉంటుంది.

అరచేతిలో "అ" అని గీసినదానా, చదువుతున్నావు కదూ? రాత్రికి ఫోన్ చేస్తాను, లైన్‌లో ఉండు.